తగరం నిలుపుతుంది, ఇనుము ఆర్పుతుంది

బస్తర్ ఖనిజాల ప్రస్తావన వస్తే ముందుగా వినిపించేది ఇనుము పేరు. దంతెవాడ జిల్లాలోని బైలాడిలా కొండల్లో 1968 నుంచి తవ్వుతున్న ముడి ఇనుము కిరందుల్ దగ్గర రైలెక్కి, కొత్తవలస మీదుగా విశాఖపట్నం రేవుకు చేరడం ఉత్తరాంధ్రవారు అర్ధశతాబ్దానికి పైగా చూస్తున్నదే. అదే నేలలో అంత పేరు లేని మరో లోహం కూడా ఉంది. దేశంలో తగరపు ఖనిజం దొరికి, తవ్వకం సాగుతున్న రాష్ట్రం ఛత్తీస్‌గఢ్ ఒక్కటే. అదీ దక్షిణ బస్తర్‌లోని దంతెవాడ, సుక్మా జిల్లాల పరిధిలోనే. కాసిటరైట్ అనే ఈ ఖనిజం ముదురు గోధుమ రంగులోనో నలుపులోనో ఉండే గులక, పలుకు. మామూలు ఇసుక కన్నా రెండున్నర రెట్ల బరువు కావడంతో, వాగులోని మట్టిని వెడల్పాటి గిన్నెలోకి తీసుకుని నీటిలో గుండ్రంగా తిప్పితే తేలిక రేణువులు అంచు మీదుగా కొట్టుకుపోయి, నల్లని పలుకులు అడుగున మిగులుతాయి. ఆదివాసీ కుటుంబాలు ఇలా ఏరిన ఖనిజాన్ని రాష్ట్ర ఖనిజాభివృద్ధి సంస్థ కొనుగోలు చేస్తుంది.

ఈ తగరం టంకానికి, రేకుల మీద పూతకు, మిశ్రలోహాలకు పోతుంది తప్ప మందుల తయారీకి కాదు. అయినా క్యాన్సర్ మీద కాంతిని ప్రయోగించే చికిత్సలో లోహం పాత్ర ఏమిటో తెలుసుకోవాలనుకునేవారికి బస్తర్‌లోని ఈ రెండు లోహాలకు మించిన ఉదాహరణ దొరకదు. ఒకే అణువు మధ్యలో ఇనుమును కూర్చోబెడితే ఆ అణువు కాంతికి స్పందించకుండా పోతుంది. ఇనుమును తీసి తగరాన్ని పెడితే అదే అణువు వెలుతురు తగిలినప్పుడు కణాన్ని చంపగలిగే మందుగా మారుతుంది.

ఆ అణువు పేరు పార్ఫిరిన్. పిర్రోల్ అనే అయిదు పరమాణువుల చిన్న వలయాలు నాలుగు ఒకదానికొకటి కలిసి ఏర్పరచే పెద్ద వలయం ఇది. మధ్యలో నాలుగు నత్రజని పరమాణువులు లోపలికి ముఖం చేసి ఉంటాయి గనుక అక్కడ ఒక లోహపు పరమాణువు సరిగ్గా ఇమిడిపోతుంది. రక్తంలోని హీమ్‌లో ఆ చోట ఇనుము ఉంటుంది. ఆకుపచ్చని ఆకుల్లోని పత్రహరితం దీనికి దగ్గరి బంధువు. దానిలో ఆ స్థానం మెగ్నీషియానిది. మొక్క కాంతిని పట్టి ఆహారంగా మార్చుకోవడమూ, జంతువు ఆక్సిజన్‌ను మోసుకు తిరగడమూ ఒకే కుటుంబానికి చెందిన అణువుల పనులు కావడం జీవరసాయన శాస్త్రంలోని గొప్ప పొదుపుల్లో ఒకటి.

పార్ఫిరిన్ కాంతిని పీల్చుకున్నప్పుడు దానిలోని ఒక ఎలక్ట్రాన్ పై స్థాయికి ఎగురుతుంది. మామూలుగా అది సెకనులో వంద కోట్లవ వంతు లెక్కన చెప్పుకోదగిన స్వల్ప వ్యవధిలో కిందికి వచ్చేసి, తెచ్చుకున్న శక్తిని వెలుగుగానో వేడిగానో వదిలేస్తుంది. అంత తక్కువ సమయంలో పక్కనున్న మరో అణువుకు ఆ శక్తిని అందించడం సాధ్యం కాదు. కొన్ని సందర్భాల్లో మాత్రం ఆ ఎలక్ట్రాన్ తన భ్రమణ దిశను మార్చుకుని, సులువుగా కిందికి రాలేని ట్రిప్లెట్ అనే స్థితిలో చిక్కుకుంటుంది. ఆ స్థితి వేల రెట్లు ఎక్కువసేపు నిలుస్తుంది కనుక ఆ మధ్యలో కణంలోని ఆక్సిజన్ అణువు వచ్చి తాకడానికి, శక్తి దానికి బదిలీ కావడానికి వ్యవధి దొరుకుతుంది. శక్తి అందుకున్న ఆక్సిజన్‌ను సింగ్లెట్ ఆక్సిజన్ అంటారు. పొరలను, ప్రోటీన్లను, చేతికందిన ప్రతిదాన్నీ ఆక్సీకరించే స్వభావం దానిది. అయితే కణం లోపల అది బతికేది సెకనులో పదిలక్షల వంతుల కాలమే, ప్రయాణించే దూరం కణపు వెడల్పులో చిన్న భాగమే. చికిత్సకు పనికొచ్చే గుణం ఇదే. మందు, వెలుతురు, ఆక్సిజన్ మూడూ ఒకే చోట కలిసినప్పుడే నష్టం జరుగుతుంది, పక్కనున్న ఆరోగ్యకరమైన కణజాలం చాలావరకు తప్పించుకుంటుంది.

లోహం తేడా తెచ్చేది ఇక్కడే. బరువైన పరమాణువు దగ్గరలో ఉంటే ఎలక్ట్రాన్ భ్రమణ దిశ మారడం సులువవుతుంది. తగరం, పల్లాడియం, లుటీషియం వంటివి ఈ సహాయం చేస్తాయి. పైగా పార్ఫిరిన్‌లో ఉండే రూపంలో ఈ లోహాలకు జత లేని ఎలక్ట్రాన్లు ఉండవు గనుక వలయం దాచుకున్న శక్తి జోలికి అవి పోవు. ఇనుము సంగతి వేరు. దాని బయటి ఎలక్ట్రాన్లకు తక్కువ శక్తి గల ఖాళీ మెట్లు అనేకం ఉంటాయి. వలయం పీల్చుకున్న శక్తి, అడుగున చిల్లు పడిన కుండలో నీరు నిలవనట్లు, ఆ మెట్ల మీదుగా క్షణంలో వేడిగా జారిపోతుంది. ఆక్సిజన్ వచ్చేసరికి అక్కడ ఇవ్వడానికి ఏమీ మిగలదు.

రక్తంలో ఇంత పార్ఫిరిన్ ఉండి కూడా మనుషులు ఎండలో తిరగగలుగుతున్నారంటే ఆ ఘనత ఇనుముదే. ఇనుమును వలయంలోకి చేర్చే ఫెర్రోకెలటేజ్ అనే ఎంజైము పుట్టుకతోనే లోపించినవారిలో ఇనుము లేని పార్ఫిరిన్ రక్తంలోనూ చర్మంలోనూ పోగై, ఎండ సోకిన కొద్ది నిమిషాలకే చర్మం భరించలేనంతగా మండుతుంది. 1912లో ఫ్రీడ్రిష్ మేయర్ బెట్జ్ అనే జర్మన్ వైద్యుడు, రక్తపు హీమ్ నుంచి ఇనుమును తొలగించగా వచ్చే హెమటోపార్ఫిరిన్‌ను 200 మిల్లీగ్రాములు తన శరీరంలోకే ఎక్కించుకుని ఎండలోకి వెళ్లి, ముఖమూ చేతులూ గుర్తుపట్టలేనంతగా వాచిపోవడం స్వయంగా అనుభవించాడు. అంతకు పన్నెండేళ్ల ముందే మ్యూనిక్‌లో హెర్మన్ ఫాన్ టాపైనర్ దగ్గర చదువుతున్న ఆస్కార్ రాబ్, అక్రిడిన్ అనే రంగు కలిపిన నీటిలోని ఏకకణ జీవులు చీకటిలో బతికి వెలుతురులో చనిపోవడం గమనించాడు. ఈ పరిశీలనలు చికిత్సగా రూపుదిద్దుకోవడానికి ముప్పావు శతాబ్దం పట్టింది. అమెరికాలోని బఫెలో నగరంలో థామస్ డోహర్టీ 1970లలో హెమటోపార్ఫిరిన్ నుంచి తయారైన మందుతో, ఎర్రని కాంతితో రోగులకు చికిత్స చేసి చూపించాడు. ఫోటోఫ్రిన్ పేరుతో ఆ మందుకు 1993లో కెనడా, మూత్రాశయ క్యాన్సర్ కోసం, మొట్టమొదటి అనుమతి ఇచ్చింది. ఫోటోడైనమిక్ చికిత్స అనే పేరు స్థిరపడింది ఈ దశలోనే.

ఫోటోఫ్రిన్‌లో లోహం లేదు. దాని లోపాలు రెండు. మొదటిది, అది పీల్చుకునే 630 నానోమీటర్ల ఎర్రకాంతి కండలోకి అర సెంటీమీటరుకు మించి ప్రభావవంతంగా దిగదు. రెండవది, మందు చర్మంలో నిలిచిపోయి రోగి కనీసం 30 రోజులు ఎండ కన్నెరగకుండా ఉండాలి. ఈ రెండవ షరతు ఐరోపా శీతకాలంలో చిన్న ఇబ్బంది కావచ్చు. మార్చి, ఏప్రిల్‌లలో ఇప్పపూలు ఏరి, ఆ వెనుకనే తునికాకు కోసి ఏడాది ఖర్చులకు నాలుగు డబ్బులు వెనకేసుకునే కుటుంబానికి నెల రోజులు ఇంట్లో కూర్చోమనడం చికిత్స వద్దనడంతో సమానం. లోహం చేర్చిన మందుల వైపు రసాయన శాస్త్రజ్ఞులు మళ్లింది ఈ రెండు లోపాలనూ తొలగించడానికే: మరింత లోతుకు దిగే కాంతిని పీల్చుకోవాలి, పని కాగానే శరీరం నుంచి త్వరగా వెళ్లిపోవాలి.

తగరం మొదటి ప్రయత్నాల్లోనే రంగంలోకి వచ్చింది. అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని టొలీడో విశ్వవిద్యాలయంలో అలన్ మోర్గన్ 1980లలో పర్‌పురిన్లనే పార్ఫిరిన్ తరహా వలయాలను తయారుచేసి, వాటిలో ఒకదాని మధ్య తగరాన్ని పెట్టాడు. టిన్ ఇథైల్ ఇటియోపర్‌పురిన్ అనే పొడవాటి పేరు గల ఈ మందు తర్వాత రోస్టాపోర్ఫిన్ అనిపించుకుంది. ఇది పీల్చుకునేది 660 నానోమీటర్ల పైచిలుకు కాంతి, అంటే ఫోటోఫ్రిన్ కన్నా కాస్త లోతుకు దిగేది. రొమ్ము క్యాన్సర్ తిరగబెట్టి ఛాతీ చర్మం మీద గడ్డలుగా తేలిన స్త్రీల మీద 1990లలో దీన్ని పరీక్షించారు. గడ్డలు తగ్గిన దాఖలాలు ఉన్నా అది మందుగా అంగడికి రాలేదు. తయారీ సంస్థ వృద్ధాప్యంలో వచ్చే కంటిచూపు లోపం వైపు మొగ్గి, అక్కడా అనుకున్న ఫలితం రాక వెనుకబడింది.

తగరపు పార్ఫిరిన్ మరో దారిలోనూ తన స్వభావాన్ని బయటపెట్టుకుంది. న్యూయార్క్‌లోని రాక్‌ఫెలర్ విశ్వవిద్యాలయంలో అటల్లా కప్పాస్ పసిపిల్లల కామెర్లకు మందు వెదుకుతూ, హీమ్‌లోని ఇనుము స్థానంలో తగరాన్ని ఉంచిన అణువును ప్రయోగించాడు. హీమ్‌ను విరిచి పసుపు పదార్థాన్ని పుట్టించే ఎంజైము ఈ నకిలీ హీమ్‌ను పట్టుకుని విరవలేక ఆగిపోతుందన్నది అక్కడి ఉపాయం. ఉపాయం ఫలించింది కూడా. అయితే కామెర్ల పిల్లలను మామూలుగా ఉంచే దీపాల కింద పెట్టినప్పుడు కొందరి చర్మం కందిపోయింది. ఇనుము ఉన్న చోట తగరం చేరేసరికి అణువు వెలుతురుకు మేలుకుందన్నమాట. ఒక వైద్యుడికి దుష్ఫలితంగా కనిపించిన గుణమే మరో వైద్యుడు కోరి తెచ్చుకున్న గుణం.

తగరపు పార్ఫిరిన్ల మీద తెలుగునాట కూడా పని జరిగింది. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడిగా పనిచేసిన బి.జి. మైయా, ఆయన శిష్యులు 1990లలో తగరం మధ్యలో గల పార్ఫిరిన్‌కు పైనా కిందా ఇతర పార్ఫిరిన్లను అతికించి, కాంతిశక్తి ఒకదాని నుంచి మరొకదానికి ఎలా పాకుతుందో పరిశీలించారు. అది క్యాన్సర్ కోసం చేసిన పని కాకపోయినా, మైయాకు ఆ రంగంతో అంతకు ముందే పరిచయం ఉంది. టెక్సాస్‌లో జొనాథన్ సెస్లర్ బృందం పార్ఫిరిన్ కన్నా పెద్దదైన టెక్సాఫిరిన్ అనే వలయాన్ని తయారుచేసిన కొత్తలో, లోహాలు చేర్చిన టెక్సాఫిరిన్లు సింగ్లెట్ ఆక్సిజన్‌ను సమర్థంగా పుట్టిస్తాయని 1989లో ప్రకటించిన పత్రం రచయితల్లో ఆయన ఒకరు. ఈ కుటుంబం నుంచే తర్వాత లుటీషియం టెక్సాఫిరిన్ రోగుల మీద ప్రయోగాలదాకా వెళ్లింది.

ఐరోపాలో అనుమతి దాకా చేరిన లోహపు మందు మాత్రం పల్లాడియానిది. ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ విజ్ఞాన సంస్థలో అవిగ్డోర్ షెర్జ్, యోరమ్ సాలమన్ కాంతితో ఆహారం తయారుచేసుకునే బ్యాక్టీరియా పత్రహరితాన్ని తీసుకుని, మెగ్నీషియం స్థానంలో పల్లాడియం పెట్టి తయారుచేసిన పాడెలిపోర్ఫిన్ 753 నానోమీటర్ల కాంతికి పనిచేస్తుంది. ప్రొస్టేట్ గ్రంథిలో తొలిదశ క్యాన్సర్ ఉన్న రోగికి మత్తు ఇచ్చి, సన్నని కాంతి తీగలను గ్రంథిలోకి దింపి, మందును పది నిమిషాలపాటు నరంలోకి ఎక్కించి, లేజరు కాంతిని 22 నిమిషాల 15 సెకన్లు ప్రసరింపజేస్తారు. మందు ఇంకా రక్తనాళాల్లో ఉండగానే వెలుతురు పడుతుంది కనుక కణితికి రక్తం అందించే నాళాలు మూసుకుపోయి, కణితి ఆకలితో చస్తుంది. మందు కొన్ని గంటల్లోనే శరీరం నుంచి వెళ్లిపోతుంది. ఐరోపాలో 413 మంది మీద జరిపిన పరీక్షలో రెండేళ్ల తర్వాత ముక్క తీసి చూస్తే, చికిత్స పొందినవారిలో 49 శాతం మందికి, కేవలం పర్యవేక్షణలో ఉంచినవారిలో 14 శాతం మందికి క్యాన్సర్ కనబడలేదు. 2017లో ఐరోపా అనుమతి లభించింది. అమెరికా నిపుణుల సలహా సంఘం 2020లో దీనికి సమ్మతించలేదు. ఇంత తొలిదశ ప్రొస్టేట్ క్యాన్సర్‌ను చాలామందిలో కనిపెట్టుకుని ఉంటే చాలు కదా అన్న ప్రశ్న వారిని వదల్లేదు. ఆ ప్రశ్న న్యాయమైనదే. చికిత్స పనిచేయడం వేరు, దాని అవసరం ఎవరికి ఉందో తేలడం వేరు.

పార్ఫిరిన్ కుటుంబం బయట కూడా లోహాలు పనిలో ఉన్నాయి. రుథీనియం మధ్యలో గల టీఎల్‌డీ 1433 అనే మందును మూత్రాశయంలో నింపి, కడిగేసి, ఆకుపచ్చ లేజరుతో వెలిగించే పరీక్షలు ఉత్తర అమెరికాలో సాగుతున్నాయి. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో అఖిల్ చక్రవర్తి బృందం రాగి, వెనేడియం, కోబాల్ట్‌లతోపాటు ఇనుముతోనూ ఎర్రని కాంతికి మేలుకునే సమ్మేళనాలను తయారుచేసింది. ఇనుము కాంతిని ఆర్పుతుందన్న మాట పార్ఫిరిన్ వలయానికి వర్తించినంత సూటిగా అన్నిచోట్లా వర్తించదని గ్రహించడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు. దాని చుట్టూ ఉన్న అణువులను మార్చితే అదే ఇనుము కాంతిని అందుకుని, ఆక్సిజన్ నుంచి వేరే దారిలో విషపు ముక్కలను పుట్టించగలదు.

కాంతికి ఉన్న హద్దు మాత్రం లోహం మార్చినంత మాత్రాన పూర్తిగా తొలగదు. 750 నానోమీటర్ల కాంతి సైతం ఒక సెంటీమీటరు దాటేసరికి బలహీనమవుతుంది. అతిధ్వని, అంటే గర్భిణులకు స్కానింగ్ చేసేటప్పుడు వాడే చెవికి వినిపించని ధ్వని, అనేక సెంటీమీటర్ల లోతుకు దిగుతుంది. జపాన్‌లో యుమిత, ఉమెమురా 1989లో హెమటోపార్ఫిరిన్ చేర్చిన క్యాన్సర్ కణాలు అతిధ్వనికి ఎక్కువగా చస్తాయని చూపించడంతో సోనోడైనమిక్ చికిత్స అనే శాఖ పుట్టింది. ధ్వని తరంగాల ఒత్తిడికి ద్రవంలో సూక్ష్మ బుడగలు ఉబ్బి, ఒక్కసారిగా కుప్పకూలినప్పుడు ఆ బిందువులో క్షణకాలం వేల డిగ్రీల వేడి, మిణుకుమనే వెలుగు కూడా పుడతాయి. మందును మేల్కొలిపేది ఆ వెలుగా, ఆ వేడికి విరిగిన నీటి అణువులా, కేవలం పొరలు చిరగడమా అన్న వాదం ఇంకా తీరలేదు. ఈ రంగంలో లోహాల వాడకం చాలావరకు ప్రయోగశాల దశలోనే ఉంది. శ్రీకాకుళం, భీమునిపట్నం తీరపు నల్ల ఇసుకలోని ఇల్మెనైట్ నుంచి వచ్చే టైటానియం, ఆక్సైడు నలుసుల రూపంలో, ఈ ప్రయోగాల్లో తరచుగా వాడే పదార్థం. 2023లో చైనా, జర్మనీ శాస్త్రజ్ఞులు కలిసి, నిద్రాణంగా ఉండే ప్లాటినం సమ్మేళనాన్ని హిమోగ్లోబిన్‌తో కట్టి, అతిధ్వని తగిలినప్పుడు అది చురుకైన ప్లాటినం మందుగా మారేటట్లు చేశారు. కాంతి ముందు మొండికేసే ఇనుపహీమ్‌ను ధ్వని చికిత్సలో ఇలా పనికి పెట్టడం ఆసక్తికరమే కానీ, ఆస్పత్రి దాకా రావడానికి దారి ఇంకా దూరం ఉంది.

బస్తర్ రోగికి వీటిలో ఏది దగ్గరదని అడిగితే, లోహాన్ని ఎక్కించే మందుల కన్నా లోహాన్ని దూరంగా ఉంచే పద్ధతి వైపే చూడవలసి వస్తుంది. అమినోలెవ్యులినిక్ ఆమ్లం, క్లుప్తంగా ఏఎల్ఏ, శరీరం పార్ఫిరిన్ తయారుచేసుకునే ముడిసరుకు. దాన్ని తాగిస్తే కణాలు పార్ఫిరిన్‌ను తయారుచేస్తాయి; ఆరోగ్యకరమైన కణం అందులో వెంటనే ఇనుమును చేర్చి నిరపాయకరమైన హీమ్‌గా మార్చుకుంటుంది, చాలా క్యాన్సర్ కణాల్లో ఆ చేర్చే ఎంజైము మందకొడిగా ఉండటంతో ఇనుము లేని పార్ఫిరిన్ పోగవుతుంది. నీలి కాంతిలో అది ఎర్రగా మెరుస్తుంది, ఎర్రని కాంతిలో కణాన్ని చంపుతుంది. కణంలోని ఇనుమును పట్టి ఉంచే మందును తోడుగా ఇస్తే పార్ఫిరిన్ నిల్వ మరింత పెరుగుతుందని కూడా తేలింది. ఒకటి రెండు రోజుల్లో మందు వెళ్లిపోతుంది గనుక నెల రోజుల ఎండ నిషేధం ఉండదు.

ఛత్తీస్‌గఢ్‌లో 2016-17 సర్వే ప్రకారం పెద్దవారిలో 39 శాతం మంది ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నారు. పొగాకును బెల్లపుపాకంతో కలిపి ముద్దచేసిన గుడాఖును పళ్లకూ చిగుళ్లకూ రుద్దుకునే అలవాటు ఆ రాష్ట్రంలో స్త్రీలలోనూ ఉంది. ఈ అలవాట్లు తెచ్చే నోటి క్యాన్సర్ కాంతి చేరగల చోటే పుడుతుంది. అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయ వైద్య కళాశాలలో, అమెరికా శాస్త్రజ్ఞుల తోడ్పాటుతో, సుమారు 30 మంది తొలిదశ నోటి క్యాన్సర్ రోగుల మీద ఏఎల్ఏతో జరిగిన అధ్యయనంలో వాడిన పరికరం బ్యాటరీతో నడిచే ఎర్రని ఎల్ఈడీ దీపం. నోటి లోపలి ఆకారానికి సరిపోయేటట్లు త్రీడీ ముద్రణతో తయారుచేసిన చిన్న గొట్టాల గుండా దాని కాంతిని బుగ్గ లోపలి పుండు మీదికి పంపారు, పుండు మెరుపును స్మార్ట్‌ఫోన్ కెమెరాతో చూసి హద్దులు గుర్తించారు. ఎక్కువ మందిలో కణితి పూర్తిగా తగ్గింది. కరెంటు నిలకడ లేని పల్లెకు, లేజరు కొనలేని జిల్లా ఆస్పత్రికి ఇది అందుబాటులో ఉండగల పరికరం.

ఆ అధ్యయనంలోకి తీసుకున్నవి మాత్రం రెండు సెంటీమీటర్లకు మించని, మెడ గ్రంథులకు పాకని పుండ్లు. ఆ పరిమాణంలో ఉన్నప్పుడు అవి చాలామందికి పెద్దగా నొప్పి పుట్టించవు. తిండికీ మాటకూ అడ్డం రావు. జగదల్‌పూర్ నుంచి రాయపూర్ ప్రాంతీయ క్యాన్సర్ కేంద్రానికైనా, విశాఖపట్నం అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రికైనా ఇంచుమించు 300 కిలోమీటర్లు. నొప్పి లేని తెల్లమచ్చ కోసం అంత దూరం ఎవరూ బయలుదేరరు. ముప్పై ఏళ్లు దాటినవారి నోరు తెరిపించి చూడవలసిన బాధ్యత జాతీయ పరీక్షల కార్యక్రమం కింద గ్రామ స్థాయి సిబ్బందిదే. ఛత్తీస్‌గఢ్‌లో 2002 నుంచి మితానిన్‌లనే పేరుతో ఊరూరా పనిచేస్తున్న ఆరోగ్య కార్యకర్తలు ఉన్నారు. కాంతి చికిత్స ఇక్కడికి వస్తే అది ముందుగా ఆనుకోవలసింది రసాయన శాస్త్రజ్ఞుడి లోహం మీద కాదు, టార్చిలైటు పట్టుకుని బుగ్గ లోపలికి చూసే ఆ మితానిన్ మీద.